విడదీసి కూడాలా, కూడి తీసేయాలా

విభజనవాది: ఇంటర్ పిల్లలకు సంయోగాల పాఠం చెప్పేటప్పుడు నేను తప్పకుండా ఇచ్చే లెక్క ఒకటుంది. అయిదుగురు ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు ఉన్నారు. వాళ్లలోంచి నలుగురితో కమిటీ వేయాలి. కమిటీలో కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి. ఎన్ని రకాలుగా వేయొచ్చు? క్లాసులో చాలామంది ఒకే దారిన పోతారు. ముందు ఇద్దరు ఆడవాళ్లను తీసేసుకుంటే షరతు తీరిపోతుంది కదా, దానికి 10 రకాలు. మిగిలిన తొమ్మిది మందిలో ఎవరైనా ఇద్దరు, దానికి 36 రకాలు. హెచ్చవేస్తే 360. నేను ఏమీ అనకుండా ఆ 360 పక్కన 330 అని రాస్తాను. అసలు ఏ షరతూ లేకపోతే పదకొండు మందిలోంచి నలుగురిని ఎంచుకునే పద్ధతులు అన్నే. షరతు పెట్టాక కమిటీలు తగ్గాలి గానీ పెరగడమేమిటి?

సవరణవాది: ఆ లెక్క నేనూ ఇస్తాను మాస్టారూ. పిల్లలు అవాక్కయ్యాక మీరు వాళ్లకు ఏం చెబుతారన్న దగ్గరే నాకు పేచీ.

విభజనవాది: చెప్పేదేముందమ్మా. కమిటీలో సరిగ్గా ఇద్దరు ఆడవాళ్లు ఉండొచ్చు, సరిగ్గా ముగ్గురు ఉండొచ్చు, నలుగురూ ఆడవాళ్లే కావచ్చు. మూడు గదులు. ఒక గదిలో ఉన్న కమిటీ ఇంకో గదిలోకి రాలేదు. మొదటి గదిలో 150, రెండో గదిలో 60, మూడో గదిలో 5. మొత్తం 215. వియుక్త సమితులుగా విడదీశాక కూడిక తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఒకదాన్ని రెండుసార్లు లెక్కపెట్టడం, ఆ తర్వాత ఎక్కడ ఎక్కువైందో వెతకడం, తీసేయడం, తీసేసింది ఎక్కువైతే మళ్లీ కలపడం... అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

సవరణవాది: అడుసు తొక్కకుండా వరి నాటినవాళ్లెవరండీ? మీరు 360ని చెరిపేసి 215 రాశారు. ఆ పిల్లవాడికి సరైన జవాబు దొరికింది, తన జవాబులో ఏం జరిగిందో మాత్రం తెలియలేదు. రేపు ఇంకో వేషంలో అదే తప్పు చేస్తాడు. నేనైతే ఆ 360 లోపలికే దిగుతాను. సీత, గీత, రాధ, రాము ఉన్న కమిటీని తీసుకోండి. ముందు సీత, గీతలను షరతు కోసం ఎంచుకుని, తర్వాత రాధ, రాములను చేర్చుకున్నా ఇదే కమిటీ. ముందు సీత, రాధలను ఎంచుకుని తర్వాత గీతను, రామును చేర్చుకున్నా ఇదే. ముందు గీత, రాధ అన్నా ఇదే. ఒకే కమిటీ మూడుసార్లు పద్దులోకి ఎక్కింది. నలుగురూ ఆడవాళ్లే అయితే ఆరుసార్లు ఎక్కుతుంది. ఇప్పుడు చూడండి. 150 కమిటీలు ఒక్కొక్కసారి, 60 కమిటీలు మూడేసి సార్లు, 5 కమిటీలు ఆరేసి సార్లు. 150, 180, 30. కూడితే సరిగ్గా 360. తప్పు జవాబుకు కూడా పైసాతో సహా లెక్క తేలింది. ఆ పిల్లవాడు దీన్ని జన్మలో మరచిపోడు.

విభజనవాది: బాగుంది. ఒప్పుకుంటాను. కానీ ఆ 360ని విప్పడానికి మీరు వాడిన 150, 60, 5 ఎక్కడివి? నా గదుల్లోంచి తెచ్చినవేగా!

సవరణవాది: తప్పును వివరించడానికి మీ గదులు వాడుకున్నాను, కాదనను. కానీ జవాబు రాబట్టడానికి అవి లేకపోయినా ఫరవాలేదు. ఇద్దరు ఆడవాళ్లను ముందే కూర్చోబెట్టి మిగతా ఇద్దరినీ ఎవరినైనా తెచ్చుకుంటే 360. ముగ్గురిని ముందే కూర్చోబెడితే 10 రకాలు, మిగిలిన ఎనిమిది మందిలో ఒకరు, 80. నలుగురిని కూర్చోబెడితే 5. ఇప్పుడు 360లోంచి 80ని రెండుసార్లు తీసేసి, 5ను మూడుసార్లు కలపండి. 215 వస్తుంది.

విభజనవాది: ఆ రెండు, ఆ మూడు ఏ ఆకాశం నుంచి ఊడిపడ్డాయి? నాకు తెలుసు, మీకు తెలుసు. పిల్లవాడికి? వాడికి సమితుల పాఠంలో చెప్పిందల్లా ‘కూడు, తీసెయ్, కూడు’ అన్న వరస. ఆ వరసను ఇక్కడ పెడితే 360లోంచి 80 పోను 280, అయిదు కలిపితే 285. తప్పు. ఈ తప్పు 360 కంటే ప్రమాదం, ఎందుకంటే 285 అనేది 330 కంటే తక్కువే. ఎవరికీ అనుమానం రాదు. సూత్రం ‘కనీసం ఒకటి’కి కుదిరింది కదా అని ‘కనీసం రెండు’కు తొడిగితే ఇదే గతి. నా గదుల పద్ధతికి ఆ బెడద లేదు. కనీసం రెండైనా, కనీసం మూడైనా, సరిగ్గా నాలుగైనా, గదులు మారతాయి గానీ పద్ధతి మారదు.

సవరణవాది: ఈ లెక్క వరకూ మీదే పైచేయి. ‘కనీసం ఇద్దరు’ అన్న చోట ముందు గదులు కట్టమనే నేనూ చెబుతాను. మరి ‘కనీసం ఒకటి’ దగ్గరికి రండి. ఏటీఎం పిన్‌లో నాలుగు అంకెలు. కనీసం ఒక 7 ఉన్న పిన్‌లు ఎన్ని? తొందరపడే పిల్లవాడు ఏమంటాడు? 7 కూర్చునే చోట్లు నాలుగు, మిగిలిన మూడు చోట్లా ఏ అంకె అయినా సరే, అంటే 1000, మొత్తం 4000. ఇందులో 7707 అనే పిన్ మూడుసార్లు పడింది, 7777 నాలుగుసార్లు పడింది. నేను సవరిస్తాను. రెండు చోట్ల 7 ఉండేలా ఆరు జతలు, ఒక్కో జతకు 100, అంటే 600 తీసేయాలి. మూడేసి చోట్లు నాలుగు రకాలు, ఒక్కోదానికి 10, అంటే 40 కలపాలి. నాలుగు చోట్లా ఉన్నది ఒకటి తీసేయాలి. 3439. సూత్రం ఎంత సాఫీగా నడిచిందో చూడండి.

విభజనవాది: ఇంత దూరం నడవడం ఎందుకమ్మా? 7 లేనివి 9 ఇంటూ 9 ఇంటూ 9 ఇంటూ 9, అంటే 6561. 10,000లోంచి తీసేస్తే 3439. రెండే గదులు, 7 ఉన్నవి, లేనివి. పూరక సమితి అంటే విభజన కాక మరేమిటి?

సవరణవాది: తీసివేత కూడా కదా!

విభజనవాది: సరే, తీసివేతే వద్దంటే ఇంకోలా చేస్తాను. మొట్టమొదటి 7 ఎక్కడ కనిపించింది అని అడుగుతాను. మొదటి చోటే అయితే తర్వాత ఏమున్నా ఫరవాలేదు, 1000. రెండో చోట అయితే మొదటి చోట 7 ఉండకూడదు, 900. మూడో చోట అయితే 810. నాలుగో చోట అయితే 729. ప్రతి పిన్‌కూ మొట్టమొదటి 7 ఒక్కటే ఉంటుంది కాబట్టి ఏ పిన్నూ రెండు గదుల్లో ఉండదు. కూడితే 3439. ఒక్క తీసివేత గుర్తు లేదు. ఈ ‘మొట్టమొదటిది ఎక్కడ’ అన్న ప్రశ్న ఒంటబట్టిన పిల్లవాడు ఇక జన్మలో రెండుసార్లు లెక్కపెట్టడు.

సవరణవాది: అది అందమైన ప్రశ్న. ఆ ప్రశ్న తోచడానికి మాత్రం మీలాంటి మాస్టారు ఉండాలి. నాకున్న ఇబ్బంది అదే. మీ పద్ధతిలో ప్రతి లెక్కకూ గదులు ఎలా కట్టాలో కొత్తగా ఆలోచించాలి. ఒక లెక్కకు ఎంతమంది ఆడవాళ్లు అన్నది గోడ, ఇంకోదానికి మొదటి 7 గోడ. పైగా చాలా లెక్కల్లో మనకు చేతికి వచ్చే సమాచారమే ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తుంది. 1 నుంచి 100 వరకూ సంఖ్యల్లో 2 గానీ, 3 గానీ, 5 గానీ నిశ్శేషంగా భాగించేవి ఎన్ని? 2 గుణిజాలు 50, 3 గుణిజాలు 33, 5 గుణిజాలు 20. కూడితే 103, నూటికి నూట మూడు! 6 గుణిజాలు 16, 10 గుణిజాలు 10, 15 గుణిజాలు 6, ఈ 32 తీసేస్తే 71. 30 గుణిజాలు మూడు కలిపితే 74. ఇందులో 60 ఏమైందో చూడండి. 2 కింద, 3 కింద, 5 కింద మూడుసార్లు పద్దులోకి వచ్చింది. 6 కింద, 10 కింద, 15 కింద మూడుసార్లు బయటికి పోయింది. లెక్కలో లేకుండా పోయిన దాన్ని 30 కింద మళ్లీ ఒకసారి తెచ్చుకున్నాం. మీ గదుల్లో ఇది చేయండి చూద్దాం.

విభజనవాది: సరి సంఖ్యలు 50. అవి పోను 3 గుణిజాల్లో బేసివి 17. ఆ రెండూ పోను 5 గుణిజాల్లో మిగిలినవి 5, 25, 35, 55, 65, 85, 95. ఏడు. మొత్తం 74.

సవరణవాది: ఆ 17 ఎలా వచ్చింది? 33లోంచి 16 తీసేశారు. ఏడును వేళ్ల మీద లెక్కపెట్టారు గానీ, నూరు బదులు లక్ష ఇస్తే ఏం చేస్తారు? 5 గుణిజాల్లోంచి 10వి, 15వి తీసేసి 30వి కలుపుతారు. నా సూత్రమే మీ మూడో గదిలో దాక్కుని ఉంది.

విభజనవాది: దాక్కుందనే ఒప్పుకుంటాను. గుణిజాల లెక్కల్లో గది గోడ కట్టాలంటే తీసివేత లేకుండా కుదరదు. అయితే ఒక్క మాట. మీ సూత్రం సరైనదని మీరెలా రుజువు చేస్తారు? ఒక మూలకం సరిగ్గా మూడు సమితుల్లో ఉంటే మూడుసార్లు కూడాం, మూడుసార్లు తీసేశాం, ఒకసారి కలిపాం, చివరికి ఒకటి. నాలుగు సమితుల్లో ఉంటే నాలుగు, మైనస్ ఆరు, ప్లస్ నాలుగు, మైనస్ ఒకటి, మళ్లీ ఒకటే. ‘సరిగ్గా ఎన్ని సమితుల్లో ఉంది’ అని మూలకాలను ముందు విడదీశాకే కదా ఈ రుజువు! మీ మేడకు పునాది నా గదులే.

సవరణవాది: పునాది మీదే కావచ్చు. కాపురం ఉండేది మేడ మీద. ఇంకొకటి చెప్తాను, దీనికి మీ దగ్గర జవాబు లేదనుకుంటాను. నా లెక్క మధ్యలో ఆగిపోయినా పనికొస్తుంది. ఇందాకటి లెక్కలో మొదటి మెట్టు దగ్గర 103, అసలు జవాబు దాన్ని మించదు. రెండో మెట్టు దగ్గర 71, అసలు జవాబు దానికంటే తగ్గదు. నిజం ఈ రెంటి మధ్యా ఉంటుంది. ఇలా ఒక మెట్టు పైనుంచీ ఒక మెట్టు కిందనుంచీ జవాబును బిగిస్తూ వస్తాయన్న విషయానికి బోన్‌ఫెరోనీ పేరు పెట్టుకున్నారు, ఆయన పత్రం 1936 నాటిది. ఇరవై సమితులుంటే పూర్తి సూత్రంలో పది లక్షల పైచిలుకు పదాలు, ఎవరికీ ఓపికుండదు. రెండు మూడు మెట్ల దగ్గర ఆపేసి, జవాబు ఇంత లోపు, ఇంత పైన అని చెప్పగలిగితే బోలెడు పని జరుగుతుంది. మీ గదులు సగంలో ఆగితే 50, తర్వాత 67. ఇంతకంటే తక్కువ కాదని చెప్పగలరు. ఎంత ఎక్కువ కావచ్చో చెప్పలేరు.

విభజనవాది: అది నిజమే. సగం కట్టిన గదులతో పై హద్దు చెప్పలేను. మరి ఇరవై సమితులుంటే గదులూ పది లక్షలే అవుతాయి. ఓపిక లేకపోవడం ఇద్దరికీ సమానమే.

సవరణవాది: గదులు కట్టడమే కుదరని చోటు కూడా ఒకటుంది. ఫ్రాన్సులో మోంమోర్ 1708లో జూదపు లెక్కల మీద అచ్చువేసిన పుస్తకంలో పదమూడు ముక్కల ఆట ఒకటి వస్తుంది. ఒకటి, రెండు, మూడు అని పదమూడు దాకా పలుకుతూ ఒక్కో ముక్కా తిప్పుతారు. పలికిన అంకే ముక్క మీద ఉంటే గెలుపు. ఒక్కటీ సరిపోకుండా పోయే వరసలు ఎన్ని? ఉత్తరాలన్నీ తప్పు కవర్లలో పడటమని మన పుస్తకాల్లో వచ్చేది ఇదే. ‘సరిగ్గా ఒకటి సరిపోయింది’ అని గది కడదామంటే, మిగిలిన పన్నెండూ తప్పిపోవాలి. అంటే పన్నెండుకు ఇదే ప్రశ్న. గది కడదామని వెళితే ప్రశ్నే ఎదురొస్తుంది. నా పద్ధతిలో నాలుగు ఉత్తరాలకు 24లోంచి 24 తీసి, 12 కలిపి, 4 తీసి, 1 కలిపితే 9. పదమూడుకైనా అదే వరస. పైగా ఉత్తరాలు ఎక్కువయ్యే కొద్దీ, ఒక్కటీ సరిపోని అవకాశం 0.3679 దగ్గరే నిలబడుతుంది, పదమూడైనా వందైనా దాదాపు అంతే. ఆ సంగతి ఈ ఒకటి విడిచి ఒకటి మారే గుర్తుల్లోంచే బయటపడింది. ఫార్ములాకు తండ్రి ఎవరంటే 1718లో ద మువావర్ అంటారు, 1854లో పోర్చుగల్ వాడు ద సిల్వా అంటారు, 1883లో సిల్వెస్టర్ అంటారు. ఇంతమంది ఒకే చోటికి చేరారంటే ఊరికే చేరారా?

విభజనవాది: ప్రశ్నే ఎదురొస్తుందన్నారే, దానికి భయపడకూడదమ్మా. ఆయిలర్ భయపడలేదు. మొదటి ఉత్తరం ఏదో తప్పు కవర్లో పడాలి. అయిదు ఉత్తరాలైతే దానికి నాలుగు కవర్లు. మూడో కవర్లో పడిందనుకోండి. అప్పుడు మూడో ఉత్తరం మొదటి కవర్లో పడిందా లేదా? రెండే గదులు. పడితే మిగిలిన మూడు ఉత్తరాలకు అదే ప్రశ్న, జవాబు 2. పడకపోతే నాలుగు ఉత్తరాల ప్రశ్నే, జవాబు మీరిప్పుడే చెప్పిన 9. రెండూ కలిపితే 11, నాలుగు కవర్లకూ 44. తీసివేత గుర్తు ఎక్కడైనా కనిపించిందా?

సవరణవాది: కనిపించలేదు, అద్భుతంగా ఉంది. అయితే 0.3679 కూడా కనిపించలేదు.

విభజనవాది: ప్రతి లెక్కలోనూ ప్రతిదీ కనిపించాలంటే ఎలా! అదలా ఉంచండి. ఈ గదుల పద్ధతి మనకు విదేశీ సరుకు కాదు. సుశ్రుత సంహితలో ఆరు రుచుల కలయికలు 63 అని లెక్క తేల్చారు. ఒక్కో రుచి విడిగా 6, రెండేసి 15, మూడేసి 20, నాలుగేసి 15, అయిదేసి 6, ఆరూ కలిపి 1. ఉగాది పచ్చడి ఆ చివరి గదిలోది. వైద్యుడికి కలయిక రెండుసార్లు పద్దులో పడితే మందు మారిపోతుందనుకున్నారో ఏమో, ముందే పంచి పెట్టుకున్నారు.

సవరణవాది: వైద్యుడు పంచితే, గణితజ్ఞుడు ఎక్కువ లెక్కపెట్టి తగ్గించాడు. లీలావతిలో భాస్కరుడు 2, 2, 1, 1 అంకెలతో ఎన్ని సంఖ్యలు వస్తాయని అడుగుతాడు. నాలుగూ వేర్వేరనుకుని 24 అని లెక్కపెట్టు, తర్వాత రెండు రెండ్లకు ఒకసారి, రెండు ఒకట్లకు ఒకసారి రెండుతో భాగించు, ఆరు. 1150 నాటి పుస్తకం. ఇది అడుసు తొక్కడం కాదా? ‘కలకల’లో అక్షరాలను అటూ ఇటూ మారిస్తే వచ్చేవీ ఆరే. అందులో ‘లకలక’ కూడా ఒకటి, పిల్లలు నవ్వుతారు. ఒకే మాటను నాలుగుసార్లు లెక్కపెట్టామని తెలిస్తే నాలుగుతో భాగిస్తే సరిపోయె. ముందే విడదీద్దామని కూర్చుంటే ఎంతసేపు పడుతుంది?

విభజనవాది: అన్నిటినీ సమానంగా నాలుగుసార్లు లెక్కపెట్టినప్పుడే భాగహారం. ఆ ‘సమానంగా’ అన్నది ఎవరు చూస్తున్నారు? నాలుగు పూసల దండ చేయాలి, తెల్లవీ నల్లవీ ఎన్నైనా వాడొచ్చు. తిప్పితే ఒకటయ్యేవన్నీ ఒకటే. మొత్తం 16 వరసలు, నాలుగు రకాలుగా తిప్పొచ్చు, కాబట్టి 4 దండలు అంటాడు మీ భాగహారపు శిష్యుడు. నిజానికి 6. అన్నీ తెల్లవైన దండ, అన్నీ నల్లవైన దండ ఒక్కొక్కసారే లెక్కకొచ్చాయి. తెలుపూ నలుపూ ఒకటి విడిచి ఒకటి ఉన్న దండ రెండుసార్లు. మిగిలినవి నాలుగేసి సార్లు.

సవరణవాది: దానికీ సవరణ ఉంది, బర్న్‌సైడ్ పేరుతో చెలామణీ అవుతుంది. ఏ తిప్పుకు ఎన్ని వరసలు మారకుండా నిలుస్తాయో చూడాలి. 16, 2, 4, 2. సగటు 6.

విభజనవాది: ఉంది, నిజమే. నేనడిగేది ఒకటే. ఎంత తప్పిందో తెలిసిన చోటే సవరణ. తెలియని చోట దాన్ని అందాజా అంటారు. పరీక్ష హాల్లో పిల్లవాడికి ఎంత తప్పిందో తెలుసా? ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయినా మూడు గంటల్లో 160 ప్రశ్నలే, అందులో 80 లెక్కలే. నాలుగు ఆప్షన్లలో 360 ఎక్కడో ఒకచోట నవ్వుతూ కూర్చుంటుంది.

సవరణవాది: ఆ పరీక్ష కోసమే అయితే నేను వాదించను, ఏది తొందరగా తోస్తే అది చేయమంటాను. పరీక్ష దాటి ఆలోచించండి. ఎంత తప్పిందో ముందు తెలియదు, నిజమే. రెండుసార్లు పడినదాన్ని చూసే అది తెలుసుకోవచ్చు. చంద్రశేఖరన్, డెమింగ్ కలిసి 1949లో ఒక పత్రం రాశారు. కలకత్తా దగ్గర హుగ్లీ జిల్లా సింగూర్ ప్రాంతం జనన మరణాల మీద. రిజిస్ట్రారు దగ్గర ఒక జాబితా ఉంది. ఇల్లిల్లూ తిరిగి వేరేవాళ్లు రాసిన జాబితా ఇంకొకటి. రెండింటిలోనూ ఉన్నవి కొన్ని, ఒక్కదాంట్లోనే ఉన్నవి కొన్ని. రెండింటిలోనూ లేనివి ఎన్ని? ఊరికే ఒక ఉదాహరణ అనుకోండి. మొదటి జాబితాలో 80 జననాలు, రెండోదాంట్లో 90, రెండింటిలోనూ ఉన్నవి 72. కూడి తీసేస్తే 98. అక్కడితో ఆగలేదు వాళ్లు. ఇల్లిల్లూ తిరిగిన జాబితా, రిజిస్ట్రారు రాసిన 80లో 72ను పట్టుకుంది, అంటే పదికి తొమ్మిది. ఊరి మొత్తంలోనూ అది పదికి తొమ్మిదే పట్టుకుంటుందనుకుంటే, దానికి దొరికిన 90 అసలైన వందలో భాగం. ఎవరి కంటా పడని రెండు జననాలు ఆ ఉమ్మడి 72 వల్లే బయటికొచ్చాయి. మీరు భయపడే ఆ ఛేదనమే లేకపోతే ఆ రెండూ లేనట్టే.

విభజనవాది: రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారైతేనే ఆ లెక్క. రిజిస్ట్రారు పుస్తకం చూసి రెండోవాడు ఇళ్లకు వెళ్లాడనుకోండి, రెంటికీ దొరకనివాళ్లు అలాగే ఉండిపోతారు, మీ సూత్రం మాత్రం అంతా దొరికారంటుంది.

సవరణవాది: అవును. అది ఆ పద్ధతికి ప్రాణం. అందుకే జనన మరణాలను అంచనా కట్టే మన నమూనా నమోదు పథకంలో స్థానికంగా ఉండేవాడు ఏడాది పొడుగునా రాసుకుంటూ పోతే, ఆర్నెల్లకొకసారి సూపర్‌వైజరు వచ్చి వేరుగా సర్వే చేస్తాడు. ఆ తర్వాతే రెండూ పోల్చి, కుదరనివాటి కోసం మళ్లీ ఇంటికి వెళతారు.

విభజనవాది: అది నమూనా. దేశం మొత్తాన్ని లెక్కపెట్టినప్పుడు ఏం చేశారో చూడండి. 2011 జనగణనలో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇంటింటికీ వెళ్లి, మామూలుగా ఎక్కడ నివసిస్తారో అక్కడే రాశారు. ఇల్లు లేనివాళ్లను 28 రాత్రి లెక్కపెట్టారు. మార్చి 1 నుంచి 5 వరకూ మళ్లీ తిరిగి పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ సరిచేసుకున్నారు. తెలంగాణలో 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే పెట్టినప్పుడు సెలవిచ్చి ఒక్క రోజులో ముగించారు, ఎక్కడెక్కడివాళ్లో సొంతూళ్లకు పరుగులు పెట్టారు. ఇన్ని కోట్ల మందిని ముందు ఎక్కువ లెక్కపెట్టి తర్వాత తీసేద్దామంటే కుదురుతుందా? ఒక మనిషికి ఒకే చోటు, ఒకే రోజు. గోడ ముందే కట్టాలి.

సవరణవాది: కట్టారు. జనగణన అయ్యాక మళ్లీ నమూనా సర్వే చేసి ఎంతమంది జారిపోయారో, ఎంతమంది రెండుసార్లు పడ్డారో అంచనా వేసేదీ వాళ్లే కదా. గోడ మీద వాళ్లకే పూర్తి నమ్మకం లేదు. పాలమూరు నుంచి ఆరేడు నెలలు పనికి పోయే కూలీ మామూలుగా ఎక్కడ నివసిస్తాడు? ఊళ్లో అడిగితే ‘ఇక్కడ లేడు’ అంటారు. పనిచేసే చోట అడిగితే ‘ఇక్కడివాడు కాడు’ అంటారు. రెండు గదుల మధ్య గోడ ఎంత గట్టిగా కడితే అతను రెండింటికీ అంత బయటివాడవుతాడు. రెండుసార్లు లెక్కపెడతామేమోనన్న భయంతో ఒక్కసారీ లెక్కపెట్టకపోవడం చిన్న తప్పా?

విభజనవాది: పెద్ద తప్పే. రెండుసార్లు పడినవాడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు, మొత్తం పొంగిపోతుంది కాబట్టి. ఒక్కసారీ పడనివాడు దొరకడు. ఇది మీ వైపు బలం. కానీ మీ రెండు జాబితాలను దగ్గర పెట్టి చూశారా ఎప్పుడైనా? ఒకదాంట్లో ‘బి. లక్ష్మి, వయసు 32’. ఇంకోదాంట్లో ‘లక్ష్మమ్మ, 35, భర్త వెంకటయ్య’. మొదటిదాంట్లో భర్త పేరు లేదు, రెండోదాంట్లో ఇంటిపేరు లేదు. ఇద్దరూ ఒకరేనా? ఒకరే అంటే ఉమ్మడి 72 అవుతుంది, కాదంటే 71. 71 అయితే మీ వంద కాస్తా 101 దాటుతుంది. లక్ష్మి, లక్ష్మమ్మ ఒకరో ఇద్దరో తేల్చకుండా కూడికా లేదు, తీసివేతా లేదు. ఆ తేల్చడం లెక్కకు ముందే జరగాలి. అదే నేను చెప్పే విభజన.

సవరణవాది: ముందే ఎలా తేలుస్తారు? ఇద్దరు వేర్వేరు మనుషులు వేర్వేరుగా రాసినందుకే కదా ఈ అనుమానం పుట్టింది. ఒకే జాబితా ఉంటే ‘బి. లక్ష్మి’ గురించి ఎవరికీ ఏ సందేహమూ రాదు, తప్పున్నా సరే.

విభజనవాది: అంటే, ఎక్కడ గది కట్టాలో తెలియడానికి ముందు రెండో జాబితా కావాలంటారు.

సవరణవాది: అంతే అంటాను. గది లేనివాడు ఉన్నాడని రెండోవాడే చెప్పాలి.

విభజనవాది: ఆ రెండో జాబితా రాసేవాడు ఎవరింటి తలుపు తట్టాలి, ఎవరిని ఆ ఇంటి మనిషి అనాలి, ఎవరిని చుట్టం అనాలి?

సవరణవాది: దానికో నియమం ఉంటుంది.

విభజనవాది: ఆ నియమం జాబితాకు ముందు పెట్టుకుంటాడా, తర్వాతా?

సవరణవాది: ముందే. మొదటివాడు పెట్టుకున్నది కాకుండా వేరేది.